ఆరో గీత

పొద్దున్న ఏడింటికి కరెంటు పోయింది. పోవడం కొత్తేమీ కాదు, ఆ వీధిలో వారానికి నాలుగుసార్లు పోతుంది, అదీ అందరికీ పని ఉన్న వేళ చూసుకుని మరీ పోతుంది. మరదలు ఒక చేత్తో మొగుడి చొక్కా, ఇంకో చేత్తో ఇస్త్రీ పెట్టె పట్టుకుని వెనక వరండాలోకి వచ్చింది. అక్కడ పెద్దమ్మాయి కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని గాలాలకి దారం ముడేస్తోంది.

పెద్దమ్మాయి అంటే నిజంగా అమ్మాయనుకునేరు. ఆవిడకి మొన్ననే యాభై నిండాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్న పిలిచిన పిలుపు అది. నాన్న పోయి ఎనిమిదేళ్లయినా పిలుపు మాత్రం పోలేదు. వీధిలోనూ రేవులోనూ అందరికీ ఆవిడ పెద్దమ్మాయే.

మరదలు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు వరండా గోడకి పెట్టి, చొక్కా బల్ల మీద పరిచి, గొంతు సవరించుకుంది.

"వదినా, మీ తెల్ల తువ్వాలుంది చూడండి, అంచుకి నీలం కుట్టు వేసుకున్నారే, అది. దాంతో మీ తమ్ముడు నిన్న ఇంజను తుడిచారు."

పెద్దమ్మాయి దారం పళ్లతో పుటుక్కున తెంపింది. "నూనె మరకలు పోతాయా?"

"పోవు వదినా. ఉతికి చూశాను. పారేశాను."

వరండాలో బల్బు వెలిగింది. లోపల ఫ్రిజ్ ఒళ్లు విరుచుకుని గుర్రుమంది. ఇస్త్రీ పెట్టె మీద ఎర్రదీపం వచ్చింది. మరదలు గబగబా కాలరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తువ్వాలు కోపం ఎంతసేపు నిలుస్తుందో ఆవిడకి బాగా తెలుసు. ఒక చొక్కా, రెండు చేతిరుమాళ్లు. ప్యాంటు కూడా కావాలంటే ఇంకాస్త పెద్ద విషయం ఎత్తాలి.

ఈలోపు పక్కింటావిడ పిట్టగోడ మీంచి తల పెట్టింది. చేతిలో ఫోను. "పెద్దమ్మాయ్, ఉందా?"

"ఉంది. పెట్టుకో."

"చాలకపోతే చెప్పు, నిన్న మా ఆయన నన్నేమన్నాడో చెప్తా. ఫోను నిండుతుంది."

ఇదీ ఆ ఇంటి పొద్దు. పెద్దమ్మాయికి కోపం వస్తే కరెంటు పుడుతుంది, పుట్టిన కరెంటుతో నలుగురికీ పని జరుగుతుంది, పని అయ్యేసరికి కోపమూ అయిపోతుంది. పుట్టింది మొదలు అంతే. బడిలో ఆవిడ కూర్చున్న గదిలో ఫ్యాను ఎప్పుడూ ఆగలేదట.

అయితే ఆ పూట ఇస్త్రీ చొక్కాకి కారణముంది. తమ్ముడు రేవు ఆఫీసుకి వెళ్లాలి. నాలుగు నెలలుగా వాళ్ల పడవకి చేప పడలేదు. తగ్గడం కాదు, బొత్తిగా లేదు. ఐదు నెలలు వరుసగా చేప దించని పడవకి రేవులో చోటు ఉండదని ఆ ఆఫీసు నియమం. చోటు పోతే పడవని ఇసుకలోకి లాగి పడేయాలి. ఇసుకలోకి లాగిన పడవ మళ్లీ నీళ్లు చూడటం ఆ రేవులో ఎవరూ చూడలేదు. ఇంజను ఒకడు పట్టుకుపోతాడు, చెక్క ఇంకొకడు పట్టుకుపోతాడు. ఇంకొక్క నెల ఉంది. గడువు పెంచమని అడగడానికి వెళ్తున్నాడు తమ్ముడు.

"ముడతలు లేకుండా చెయ్యి," అంది పెద్దమ్మాయి తల ఎత్తకుండానే. "పోయినసారి కూడా ఈ చొక్కాయే కదా తొడుక్కెళ్లింది."

మరదలికి ఆ మాట అర్థం కాలేదు. "అవును వదినా, ఇది కలిసొచ్చిన చొక్కా," అంది అమాయకంగా.

పోయినసారి సంగతి పెద్దమ్మాయికి తప్ప ఇంకొకళ్లకి తెలీదు. నాలుగు నెలల కిందట కత్తెర కోసం తమ్ముడి బీరువా తీసింది. చొక్కాల కింద నీలం అట్ట, అట్టలో పడవ కాగితం. నాన్న పోయాక రాయించిన పాత కాగితంలో యజమాని అన్నచోట రెండు పేర్లుండేవి, ఆవిడది పైన, తమ్ముడిది కింద. ఎనిమిదేళ్లకొకసారి కాగితం మారుతుంది. కొత్త కాగితంలో ఒక్క పేరే ఉంది. ఆవిడది కాదు.

మూడుసార్లు చదివింది. ఆ కాగితం కోసం తమ్ముడు ఆఫీసుకి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజూ కరెంటు లేదు. ఆ రోజూ మరదలు ఏదో చెప్పి ఆవిడకి కోపం తెప్పించి ఇదే చొక్కా ఇస్త్రీ చేసింది. అంటే తన పేరు కొట్టేయించడానికి వాడు తొడుక్కెళ్లిన చొక్కాకి వేడి పెట్టింది తనే!

అరవలేదు. కాగితం అట్టలో పెట్టి, అట్ట చొక్కాల కింద పెట్టి, కత్తెర తీసుకుని వరండాలోకి వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం కరెంటు పోతే మరదలు తువ్వాళ్ల సంగతి, గిన్నెల సంగతి, చివరికి మూడేళ్ల కిందటి గొడుగు సంగతి కూడా ఎత్తి చూసింది. బల్బు మిణుక్కుమనలేదు. "ఒంట్లో బాగాలేదా వదినా?" అని నుదురు పట్టుకుని చూసి వెళ్లిపోయింది.

పైకొచ్చే కోపమైతే బల్బులోకి పోయేది. చిల్లర కోపాలు తర్వాత మళ్లీ పైకొచ్చాయి గానీ ఇది రాలేదు. చేతుల్లోకి దిగింది. చేతుల్లోంచి తీగల్లోకి దిగింది.

ఆ తీగల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లది వలల పడవ కాదు. రెండు పక్కలా రెండు పొడుగాటి కర్రలు చాపుకుని, వాటినుంచి ఆరు ఉక్కు తీగలు నీళ్లలోకి వదిలి, తీగ పొడుగునా గాలాలు వేలాడేసుకుని మెల్లిగా పోతుంది. కర్ర కొసలకి చిన్న చిన్న గంటలు. చేప పడితే గంట మోగుతుంది. ఆ ఆరు తీగల్నీ డ్రమ్ములకి చుట్టడం, తుడవడం, తుప్పు గీకడం, గాలాలు కట్టడం ముప్పై ఏళ్లుగా పెద్దమ్మాయి పని. పేరు పోయిందని తెలిసిన ఆ వారం కూడా ఆరు డ్రమ్ములూ ఆవిడే చుట్టింది, వేళ్లు తెల్లబడేలా బిగించి చుట్టింది. ఆ వారం నుంచే గంటలు మోగడం మానేశాయి.

ఆఫీసులో గడువు పెంచలేదు. ఇస్త్రీ చొక్కాకి నమస్కారం మాత్రం దొరికింది. తమ్ముడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చి, మర్నాడు మీటరు బాబాయిని పడవ దగ్గరికి పిలుచుకొచ్చాడు.

బాబాయ్ అంటే నాన్న స్నేహితుడు. డెబ్భై దాటాయి. ఓడల్లో కరెంటు పని చేసే రోజుల్లో ఒకసారి రెండు కనుబొమ్మలూ కాలిపోతే తిరిగి ఒకటే మొలిచింది. ఆయన మీటరు చెక్కపెట్టెలో ఉంటుంది, ముల్లు కదిలే పాతరకం. అద్దం మీద, ఆరో గీతకి ఎదురుగా, ఎర్రరంగు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది.

"అంకెలు కనబడే మీటర్లొచ్చాయి కదా బాబాయ్," అన్నాడు తమ్ముడు.

"అంకె అబద్ధమాడితే కనిపెట్టలేంరా. ముల్లు అబద్ధమాడితే వణుకుతుంది." ఆయన మీటరు వైరు ఒకటి నీళ్లలో ఉన్న తీగకి కరిపించాడు, రెండోది ఇంజనుకి. "విను. ఉప్పునీళ్లలో ఇనుము దిగితే కాస్త కరెంటు పుడుతుంది. ఏ పడవదైనా అంతే, మనిషికి ఒంటి వాసన ఉన్నట్టు. ఆరు గీతలుంటే చేపకి ఇష్టం, దగ్గరికొస్తుంది. పది దాటితే దాని పళ్లు జివ్వుమంటాయి, పారిపోతుంది. సున్నా అయితే అసలిక్కడో పడవుందనే దానికి తెలీదు."

ముల్లు పదిహేను దగ్గర నిలబడింది.

"ఓరి నీ!" అన్నాడు బాబాయ్. "ఇది పడవా, కరెంటు స్తంభమా? ఎక్కడో లీకవుతోంది. బ్యాటరీ తీసెయ్."

బ్యాటరీ తీశారు. పదిహేను. నీళ్లు తోడే పంపు వైర్లు తీశారు. పదిహేను. దీపాలు తీశారు, రేడియో తీశారు, గోడ గడియారం తీశారు. తుప్పు పట్టకుండా పడవ కింద బిగించే జింకు దిమ్మలు పోయిన నెలే కొత్తవి వేయించానని తమ్ముడు ఒట్టేశాడు. ఇంజను చూసుకునే ఆయన ఉన్నాడు, బొంగురు గొంతాయన, ఏదో చెప్పబోతే "నువ్వు నోరు మూసుకోవయ్యా, నీ వెండి పన్ను కూడా లెక్కలోకే వస్తుంది," అన్నాడు బాబాయ్. ఆయన నోరు మూసుకున్నాడు. పదిహేను.

బాబాయ్ తల తిప్పి చూశాడు. పెద్దమ్మాయి వెనకవైపు తీగల డ్రమ్ము మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మాయ్, ఒకసారి గట్టు మీదకి దిగుతావా?"

దిగింది. ముల్లు పన్నెండుకొచ్చింది.

తమ్ముడు ఒక డ్రమ్ము దొర్లించి గట్టు మీదకి తోశాడు. పది. ఇంకోటి. ఎనిమిది. ఇంకోటి. ముల్లు ఎర్రచుక్క ఎదురుగా వచ్చి ఆగింది. బాబాయ్ "ఉండు" అన్నట్టు చెయ్యి ఎత్తాడు గానీ తమ్ముడు చూడలేదు. కసిగా మిగతా మూడూ తోసేశాడు. నాలుగు, రెండు, సున్నా.

"నువ్వా అక్కా!" అన్నాడు. మొహం కందిపోయింది. "నాలుగు నెలలు! నాలుగు నెలలుగా నేను నీళ్లమీద పిచ్చోడిలా తిరుగుతుంటే, ఇంట్లో కూర్చుని చేపల్ని తరిమేస్తోంది నువ్వా!"

"ముప్పై ఏళ్లు నేను కట్టిన గాలాలకి చేపలు పడ్డాయే, అప్పుడెప్పుడైనా నువ్వా అక్కా అని అడిగావుట్రా?"

"అసలు నీకేం తక్కువైందని ఇంత కోపం? తిండి పెట్టలేదా, బట్ట పెట్టలేదా?"

"పెట్టడానికి నువ్వెవడివిరా? నా చేతులు చూడు! ఈ వేళ్లు చూడు! ఎవరి తిండి ఎవరు తింటున్నారు?"

"చాలు! ఇక దీనిమీద చెయ్యి వెయ్యకు. తీగలు వద్దు, గాలాలు వద్దు, నువ్వసలు ఈ గట్టు దరిదాపులకే రావద్దు. ఇది నా పడవ!"

ఆ మాటతో గట్టు చివర క్రేను దీపం పట్టపగలు భగ్గున వెలిగింది. ఐసు ఫ్యాక్టరీ సైరను పెద్దగా కూసింది. భోజనాల వేళైందనుకుని లోపలివాళ్లు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, గడియారాలు చూసుకుని, పెద్దమ్మాయిని చూసి, ఓహో అనుకుని మళ్లీ లోపలికెళ్లారు.

ఆవిడ ఇంటిదారి పట్టింది. దారిపొడుగునా వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి.

తమ్ముడు కొట్లో తయారుగా చుట్టిన కొత్త తీగలు తెచ్చి వేసుకుని సముద్రంలోకి వెళ్లాడు. రెండు వారాలు వెళ్లాడు. ఇన్నేళ్లూ అక్క కరెంటు మీదే బతికిన ఆ పడవకి సొంత కరెంటు బొత్తిగా లేదు, బాబాయ్ మీటరు ముల్లు సున్నా మీంచి లేవలేదు, గంట ఒక్కసారి మోగలేదు. పడవ కింద నుంచి చేపలు బారులు బారులుగా పోతుంటే కళ్లారా చూశాడట. పైన పడవుందని వాటికి తెలిస్తేగా!

ఇంట్లో పెద్దమ్మాయి వరండాలో ఖాళీ చేతులతో కూర్చునేది. ముప్పై ఏళ్లుగా ముడి వెయ్యని పొద్దు లేదు ఆ చేతులకి. ఇప్పుడు ఒడిలో పెట్టుకుంటే ఒడి బరువనిపించేది. తమ్ముడికి కాస్త భయమేసిందో, జాలేసిందో, ఒక సాయంత్రం కొత్త టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాడు.

"నీకే అక్కా. ఉక్కపోస్తోందన్నావుగా."

అట్టపెట్టెలోంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ప్లగ్గు ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"తీసుకుపో," అంది పెద్దమ్మాయి. వాడు తిరిగే ఫ్యానుని చంకలో పెట్టుకుని, జుట్టంతా రేగిపోతుండగా లోపలికెళ్లిపోయాడు.

గడువు ఇంక తొమ్మిది రోజులుందనగా బాబాయ్ మీటరు పెట్టె పట్టుకుని ఆ వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. మరదలు టీ ఇచ్చింది. ఆయన టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పెట్టె మూత తీసి అద్దం మీది ఎర్రచుక్క చూపించాడు.

"ఇదెవరు పెట్టారో తెలుసా?"

"నాకేం తెలుసు?"

"మీ నాన్న. పడవకి రంగేస్తూ బ్రష్షు కొసతో పెట్టాడు. నీకప్పుడు పన్నెండేళ్లుంటాయి. నిన్ను పడవెక్కించుకునేవాడు చూడు, ఆ రోజుల్లో."

ఆ రోజులు ఆవిడకి గుర్తులేకపోవడమేమిటి? పన్నెండో ఏట నుంచి ఇరవయ్యో ఏటి దాకా చుక్కాని ఆవిడ చేతిలోనే ఉండేది. తీగలు వదిలాక పడవ మెల్లిగా పోతుంటే, నాన్న పేకముక్కలు తీసి ఎదురుగా కూర్చునేవాడు. ఆడినంతసేపూ మోసమే. రాణి ముక్క తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. "నాన్నా, నీ కాలి కిందుంది, నేను చూశాను!" అంటే "ఏదీ? ఎక్కడా?" అని ఆకాశం చూసేవాడు. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. పళ్లు నూరుకుంటూ చుక్కాని పట్టుకునేది. గంటలు మోగుతూనే ఉండేవి.

"ప్రతిరోజూ మోసం చేసేవాడు బాబాయ్. కన్నకూతురి దగ్గర! ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది నాకు."

"మండాలనే చేసేవాడు," అన్నాడు బాబాయ్. "మరీ ఎక్కువ కాకుండా, రాణి ముక్కంత. నేను మీటరు పట్టుకుని మూల కూర్చునేవాణ్ణి, గుర్తుందా? ముల్లు తగ్గితే నేను దగ్గేవాణ్ణి. మీ నాన్న ముక్క దాచేవాడు. ఆరో గీత దగ్గరుంటే చేపలు విరగబడేవి. అందుకే చుక్క పెట్టాడు."

గోడ మీద బల్బు మెల్లిగా ఎర్రబడింది.

"అయితే నన్నెందుకు దింపేశాడు?"

"తమ్ముడు పెద్దవాడయ్యాడు కదమ్మా. మగపిల్లాడు, చుక్కాని వాడికే ఇవ్వాలనుకున్నాడు. నువ్వు ఒడ్డున కూర్చుని తీగలు చుట్టినా ముల్లు ఆరు దగ్గరే ఉంటోందని నేనే కొలిచి చెప్పాను. నన్ను దింపేశారన్న కోపం నీకెలాగూ ఉండేది. ఇంక పేకముక్కలు అక్కర్లేకపోయింది."

"నాకు చెప్పలేదే మీరిద్దరూ! ముప్పై ఏళ్లు! ఒక్క మాట చెప్పలేదే!"

"చెబితే నీకు కోపం రాదేమోనని..."

"కాదు బాబాయ్! చెబితే నేను చుక్కాని అడుగుతానని!"

బాబాయ్ ఒంటి కనుబొమ్మ కిందికి దిగింది. టీ గ్లాసులోకి చూశాడు, అందులో ఏమీ లేదు. "అదీ అయ్యుంటుందమ్మా," అన్నాడు.

అప్పుడు లేచింది అసలు కోపం. మరదలు తర్వాత వీధంతా చెప్పింది ఆ పూట సంగతి. ఆరిళ్ల ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగాయట. పక్కింటావిడ బట్టల మిషను, ఏడాదిగా పాడైపోయి మూలపడ్డది, తనంతట తనే నీళ్లు లాక్కుని దుప్పట్లు రెండు ఉతికి పిండి పెట్టిందట. బాబాయ్ మాత్రం లేచి వెళ్లలేదు. తలొంచుకుని అక్కడే కూర్చున్నాడు. తిట్టినన్ని తిట్లూ విన్నాడు.

చీకటి పడకముందే తమ్ముడు రేవునుంచి వచ్చాడు. ఆ రోజు కూడా ఖాళీ పెట్టెలే. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేసరికి బల్ల మీద నీలం అట్ట ఉంది. దాని వెనక అక్క కూర్చుని ఉంది.

"ఇదేంట్రా?"

తమ్ముడు అట్టని చూశాడు, భార్యని చూశాడు, గోడని చూశాడు. "అది... గుమస్తా ఒక్క పేరే పడుతుందన్నాడక్కా. కొత్త కాగితంలో జాగా లేదన్నాడు."

"ఒక్కటే పడితే నీదెందుకు పడింది?"

"నడిపేది నేనే కదా."

"నడపడం నాకు రాదా? నీకు నేర్పిందెవరు? వాంతులు చేసుకుంటూ నా ఒళ్లో పడుకుని సముద్రం చూసినవాడివి, చుక్కాని ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో చెప్పిందెవరు?"

"నువ్వే," అన్నాడు వాడు, వినపడీ వినపడకుండా.

మరదలు అప్పుడు నోరు తెరిచింది. "ఏమండీ, వదిన పేరు తీసేశారా? ఆ చొక్కా వేసుకెళ్లి?" గోడవారనున్న ఇస్త్రీ పెట్టె వైపు చూసింది. "నేను ఆవిడ చేతే వేడి పెట్టించి ఇస్త్రీ చేసిచ్చానే!"

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటావక్కా? తొమ్మిది రోజులుంది."

"రెండు పేర్లుండాలి. పాత కాగితంలో ఎలా ఉన్నాయో అలా. చుక్కాని నా చేతిలో ఉండాలి."

"చుక్కానా? రేవులో నన్ను చూసి నవ్వుతారక్కా!"

"నవ్వనీ. ముప్పై ఏళ్లు నేను ఒడ్డునుంచి చూశాను, నన్ను చూసి ఎవరూ ఏడవలేదే!"

వాడు తలొంచుకున్నాడు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం ముడతల చొక్కాతోనే అక్క వెనకాల రేవు ఆఫీసుకి నడిచాడు. మరదలు ఇస్త్రీ పెట్టె ముట్టుకోనంది.

గుమస్తా కళ్లజోడు పైకి తోసుకుని, "జాగా లేదమ్మా, ఒక్క గీతే ఉంది చూడండి," అన్నాడు. పెద్దమ్మాయి బల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. నెత్తిమీద ఫ్యాను మెల్లిగా మొదలై, జోరందుకుని, గదిలో ఉన్న కాగితాలన్నిటినీ లేపింది. గుమస్తా రెండు చేతులా ఫైళ్లు అదిమిపట్టుకుని, "చిన్న అక్షరాలతో రాస్తే పడుతుంది, చిన్న అక్షరాలతో రాస్తే రెండూ పడతాయి!" అని అరిచాడు. రాశాడు. పైన ఆవిడది, కింద తమ్ముడిది. ఫ్యాను ఆగింది.

ముద్ర పడ్డ కాగితం చేతికొస్తే గానీ పడవెక్కనంది పెద్దమ్మాయి, దానికి వారం పట్టింది. గడువు రేపనగా తెల్లారుజామున పడవ బయల్దేరింది. పాత తీగలు ఇంట్లోనే ఉంచమన్నాడు బాబాయ్, అవి చల్లారడానికి ఏళ్లు పడుతుందట. కొట్లోంచి తెచ్చిన కొత్త తీగలే వదిలారు. చుక్కాని దగ్గర పెద్దమ్మాయి. పక్కన తమ్ముడు. ఇంజను దగ్గర బొంగురు గొంతాయన. మూల మీటరు పెట్టెతో బాబాయ్. అచ్చం వెనకటి రోజుల్లాగే.

ముప్పై ఏళ్ల తర్వాత చుక్కాని పట్టుకుంటే ఎలా ఉంటుందో ఏం చెప్పను! చేతులకి అన్నీ గుర్తున్నాయి. అల ఎడమనుంచి వస్తుంటే నడుము ముందే వంగింది. ఉప్పుగాలి మొహాన కొడుతుంటే ఆవిడ కళ్లు సగం మూసుకుంది. బాబాయ్ దగ్గాడు.

"రెండు," అన్నాడు. "పడిపోతోంది. ఒకటి."

తమ్ముడు కంగారుగా చూశాడు. "అక్కా, కాస్త కోప్పడవే."

"రావట్లేదురా."

"రావట్లేదంటే ఎలా? రేపే ఆఖరు! నీ కత్తెర... నీ కత్తెర నేనే నీళ్లలో పడేశాను."

"పోతే పోయింది."

"నువ్వు తిప్పడం ఏం బాలేదు. పడవ వంకరగా పోతోంది."

"నీకన్నా నయం," అంది ఆవిడ హాయిగా.

ఒంటిగంట దాటింది. ఒక్క గంట మోగలేదు. తమ్ముడు వెతికి వెతికి నాన్న పాత రేకుడబ్బా తీశాడు. అందులో పేకముక్కలు తడికి ఉబ్బి, అంచులు చిరిగి, అలాగే ఉన్నాయి. అక్క ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని పంచాడు. రాణి ముక్క తొడ కింద పెట్టుకున్నాడు. పెట్టుకోవడం కూడా రాలేదు వాడికి, రాణి సగం మొహం బయటికి పెట్టి చూస్తోంది.

పెద్దమ్మాయి చూసింది. కోపం రాలేదు. ఒక చెయ్యి చుక్కాని మీదుంచి రెండో చేత్తో ఆట మొదలుపెట్టి, వాడు గంటల వైపు చూసినప్పుడల్లా ఒక ముక్క లాగేసింది. మూడు ఆటలూ ఆవిడే గెలిచింది. మూడో ఆటలో వాడు పట్టుకున్నాడు.

"అక్కా! ఆ ముక్క నాది! నేను చూశాను, నీ చేతి కిందుంది!"

"ఏదీ? ఎక్కడా?" అని ఆకాశం చూసింది పెద్దమ్మాయి.

తమ్ముడు ముక్కలు నేలకేసి కొట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి, బొంగురు గొంతాయన జంకి వెనక్కి జరిగాడు. అందరూ మీటరు వైపు చూశారు. ముల్లు కదల్లేదు. అంత కోపానికీ ఈగ వాలినంతైనా కదల్లేదు.

పెద్దమ్మాయికి నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎక్కడ దాక్కుందో ఆ నవ్వు, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. ముల్లు చివరి గీత కూడా దిగి సున్నా మీద పడుకుంది.

"నవ్వకే అక్కా!" అని అరిచాడు తమ్ముడు. "నవ్వకు, చేపలు పోతాయ్!"

నవ్వు ఆగింది.

"ఏమన్నావ్?"

"అది కాదక్కా..."

"నవ్వొద్దా? నా నవ్వు కూడా మీ చేపల కోసం ఆపుకోవాలా? మీకు అక్కరైనప్పుడు కోప్పడాలి, మీకు అక్కర్లేనప్పుడు ఒడ్డున పడుండాలి, నవ్వొస్తే నోరు మూసుకోవాలి! నేనేమన్నా బ్యాటరీనట్రా? నాన్న అంతే, నువ్వూ అంతే, ఆ మూల కూర్చుని దగ్గే పెద్దమనిషీ అంతే!"

పడవలో దీపాలన్నీ వెలిగాయి. తీసి పక్కన పెట్టిన రేడియో గరగరమంది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయ్ భయంభయంగా, "తొమ్మిది."

"తెలుస్తోంది నాకు! నువ్వు దగ్గక్కర్లేదు!"

ఆవిడ మొహం తిప్పుకుని సముద్రం వైపు చూసింది. ఊపిరి ఒకటి లోపలికి పీల్చి, చుక్కాని రెండు చేతులా పట్టుకుంది. వీళ్లమీద కోపం కాస్త పక్కకి జరిగింది. దాని కింద పాతది కనపడింది. ఇరవయ్యో ఏట గట్టు మీద నిలబడి, తను లేకుండా పోతున్న పడవని చూసిన పొద్దు. దానికి ఎవరూ పుల్ల పెట్టక్కర్లేదు, పేకముక్కలక్కర్లేదు. అది ఎప్పటికీ అంతే ఉంటుంది, పెరగదు, తరగదు. దాన్ని పట్టుకుని నిలబడింది.

దీపాలు ఆరిపోయాయి. మీటరు అద్దం మీద ముల్లు మెల్లిగా వెనక్కొచ్చి, ఎర్రచుక్క వెనకాల దాక్కుని, అక్కడే ఉండిపోయింది. బాబాయ్ మీటరు పెట్టె మూత వేసేశాడు.

కుడివైపు గంట మోగింది. వెంటనే ఎడమవైపుది. తర్వాత ఏది ఏ పక్క మోగుతోందో చెప్పడం కష్టమైపోయింది. "తీగ లాగరా!" అని కేక పెట్టింది పెద్దమ్మాయి. "నిలబడి చూస్తావేంట్రా, లాగు!" తమ్ముడు పరిగెత్తాడు.

సాయంత్రానికి పడవ రేవుకొచ్చింది. అంచుదాకా నీళ్లలో మునిగి, బరువుగా, కడుపుతో ఉన్న మనిషిలా నడిచొచ్చింది. ఆఫీసు మనిషి గట్టు మీద నిలబడి చూసి, చోటు జాబితాలో ఆ పడవ ఎదురుగా టిక్కు పెట్టుకుని పోయాడు. రేవులో కొందరు నవ్వబోయారు. చుక్కాని ఎవరి చేతిలో ఉందో చూశారు, పెట్టెల్లో ఏముందో చూశారు, ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

గట్టు మీద పక్కింటావిడ, వీధిలో ఇంకో నలుగురు, చేతుల్లో ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పొద్దుట్నుంచి కరెంటు లేదట.

"పెద్దమ్మాయ్, ఉందా?"

"లేదు. అక్కడే సరిపోయింది."

"పోనీ రేపు?"

"రేపూ వెళ్తున్నాను. ఎల్లుండీ." చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ల మధ్యలోంచి నడిచింది. వెనకాల చేపల పెట్టె భుజాన పెట్టుకుని తమ్ముడు, ముడతల చొక్కాలో, అక్క అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు.

పక్కింటావిడ చేతిలో ఫోను వంక చూసుకుని, నడుం బిగించి, ఇంటివైపు తిరిగింది. "సర్లే. మా ఆయన మీద ఇవాళ నేనే కోప్పడి చూస్తాను," అంది. "ఏమో, వెలుగుతుందేమో!"